ఏడో నంబరు రక్తం

బుధవారం పొద్దున పది గంటల ఐదు నిమిషాలు. సరిగ్గా పన్నెండింటికి పోలీసు జీపు కదులుతుంది. అందులో మొసళ్ళని సాకే మొసళ్ళ మామ ఉంటాడా ఉండడా అన్నది ఈలోపే తేలాలి.

తేల్చాల్సిన పెద్దమనిషి మాత్రం మొసళ్ళ కేంద్రం గేటు దగ్గర ఒంటికాలి మీద నిలబడి చెప్పులో దూరిన రాయి దులుపుకుంటున్నాడు. ఆయన్ని అందరూ బాబాయి అంటారు. ఇరవై ఏళ్ళు తాళాలు బాగుచేసి, తాళాల కంటే వాటిని పగలగొట్టినవాళ్ళని పట్టుకోవడంలోనే మజా ఉందని డిటెక్టివ్ అయిపోయాడు. చదువు ఎనిమిదో తరగతి, అదీ మాస్టారి కుర్చీకి జిగురు రాసిన రోజు దాకానే.

ఇవాళ మాత్రం ఆయనకి జోకులు కష్టం మీద పుడుతున్నాయి. మబ్బు పట్టిన ఆకాశం నెత్తి మీదికి దిగినట్టుంది. పక్కనే మామ కూతురు. ఆసుపత్రిలో రక్తం తీసే ఉద్యోగం ఆ పిల్లది. కళ్ళు తప్ప ముఖమంతా మాస్కు కప్పేసింది. ఆ కళ్ళు కూడా ఏడ్చి ఏడ్చి వాచిపోయాయి.

"మా నాన్న ఎవర్నీ గట్టిగా ఒక మాట అనలేడు బాబాయ్ గారూ. మొసళ్ళని కసురుకోవాల్సి వచ్చినా 'మీరు' అనే అంటాడు."

"సోమవారం సాయంత్రం నువ్వెక్కడున్నావు తల్లీ?"

"డ్యూటీలోనే. ఎనిమిదింటి దాకా."

"సరే, ఆ బల్ల మీద కూర్చో. ఏడుపొస్తే ఏడువు. మా బామ్మర్ది కనిపిస్తే మాత్రం ఆపేసెయ్. ఎదుటివాళ్ళు ఏడుస్తుంటే వాడికి తను గెలిచాననిపిస్తుంది."

ఆ బామ్మర్దే ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు. బాబాయి భార్యకి సొంత తమ్ముడు. అక్క పెళ్ళినాడు తన బూటులో కప్పని పెట్టిన బావని వాడు ఈనాటికీ క్షమించలేదు. ఏడో మడుగు దగ్గర నిలబడి, బావ రావడం చూసి ముఖం చిట్లించాడు.

"బావా, ఇది తాళాల కేసు కాదు. ఇంటికెళ్ళి అక్కకి గిన్నెలు తోమి పెట్టు."

"తోమే వచ్చాన్రా. మీ అక్కే పంపింది. 'మా తమ్ముడు మళ్ళీ ఎవర్నో తొందరపడి లోపలేస్తున్నాడు, కాస్త చూసి రండి' అంది."

"తొందరేం లేదు. లెక్క సరిపోయింది. విను." ఇన్‌స్పెక్టరు వేళ్ళు ముడవడం మొదలుపెట్టాడు. "పెద్ద డాక్టరు ఇక్కడ మొసలి రక్తంతో మొటిమలకి మందు కనిపెడుతున్నాడు. సోమవారం ఐదింటికి ఆయన అసిస్టెంటు ఇంటికెళ్ళింది. అప్పటికి బతికే ఉన్నాడు. ఐదూ పదికి డాక్టరూ మామా గొంతులు చించుకుని అరుచుకోవడం తోటమాలి విన్నాడు. ఐదూ ఇరవైకి మామ గేటు పుస్తకంలో సంతకం పెట్టాడు. ఐదూ ముప్పై ఐదుకి బస్సెక్కాడు, కండక్టరు గుర్తుపట్టాడు. మంగళవారం పొద్దున ఆరున్నరకి డాక్టరు శవం ఈ మడుగులో. ఐదింటికీ ఏడింటికీ మధ్య ప్రాణం పోయిందని ఆసుపత్రి కాగితం. ఆయనవి అరిగిపోయిన మోకాళ్ళు, ఏడాదిగా ఈ మెట్ల ముఖం చూడలేదు. ఎవరో ఒకరు తోస్తేనే గానీ లోపలికి పోడు."

"ఈ మడుగు గేటు తాళంచెవి?"

"రెండున్నాయి. ఒకటి మామ మొలకి, ఇంకోటి శవం జేబులో."

బాబాయి మడుగు చుట్టూ కట్టిన గోడ మీంచి కిందికి తొంగిచూశాడు. పధ్నాలుగు సిమెంటు మెట్లు. పక్కన ఇనుప కమ్మీ. కింద పాచిపట్టిన నీళ్ళు. చివరి మెట్టు మీద కడిగినా పోని మరక. నీళ్ళ అంచున ఒకే ఒక్క మొసలి, రెప్ప వెయ్యకుండా పైకే చూస్తోంది. దాని తోక మీద రంపం పళ్ళలా లేచిన పొలుసులు. వాటిలో కొన్నిటిని ఎవరో నున్నగా కత్తిరించారు. తాళంచెవుల పని చేసినవాడికి పళ్ళు కనిపిస్తే లెక్కపెట్టడం అలవాటు. బాబాయి కత్తిరించినవి లెక్కపెట్టాడు. తొమ్మిది. ఎందుకో ఆయనకే తెలియదు గానీ, పెన్ను తీసి అరచేతిలో తొమ్మిది వేసుకున్నాడు.

"ఆ చేతికర్ర ఎవరిది?"

మొదటి మెట్టు దగ్గర, గోడకి ఆనించి నిలబెట్టిన కర్ర.

"డాక్టరుదే. ఎక్కడిదక్కడే ఉంచాం."

"తోస్తే పడిపోయేవాడు కర్రని ఇంత పొందిగ్గా గోడకి ఆనించి మరీ పడ్డాడంటావా? కమ్మీని రెండు చేతులా పట్టుకోవాలంటే కర్ర పక్కన పెట్టాలి. ఆయన తనంతట తనే దిగాడురా."

"మొసలి ఉన్న మడుగులోకి తనంతట తను ఎవడైనా దిగుతాడా బావా?"

 బాబాయి చెప్పులు ఈడ్చుకుంటూ ప్రయోగశాల వైపు నడిచాడు. 

ప్రయోగశాల మూడు బల్లలు పట్టే గది. స్పిరిట్ వాసన. పెద్ద డాక్టరు కోటు ఇంకా తలుపు వెనకే వేలాడుతోంది. అసిస్టెంటు, అందరూ పిలిచే పేరు చిన్న డాక్టరమ్మ, ఆ కోటు వైపు వీపు పెట్టి కూర్చుంది.

"నేను ఎనిమిదో తరగతమ్మా. నాకు అర్థమయ్యేలా చెప్పు. మొసలికీ మొటిమకీ ఏమిటి చుట్టరికం?"

"మొటిమలో ఒక క్రిమి ఉంటుంది సార్. దాని మీద ఒంటికి కోపమొచ్చి చర్మం వాచి ఎర్రబడుతుంది. మొసళ్ళేమో ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. కాళ్ళు తెగుతాయి. అలాగే మురికి నీళ్ళలో పడుంటాయి. అయినా పుళ్ళు తొందరగా చీము పట్టవు. వాటి రక్తంలోని తెల్ల కణాల్లో ఏదో ఉందని సారు నమ్మకం. ఆ కణాల్ని చితక్కొట్టి సారం తీస్తాం. అది క్రిమిని ఆపుతుందా, వాపు తగ్గిస్తుందా అని చూస్తాం."

"తగ్గించిందా?"

"ఏడో నంబరు మొసలి సారం ఒక్కటే బాగా తగ్గించింది. ఇరవై మంది ముందుకొచ్చారు. ఎడమ చెంపకి మందు, కుడి చెంపకి ఉత్త పూత. ఎడమ చెంపలు నున్నగా అయ్యాయి. మామ కూతురు కూడా అందులో ఉంది. అద్దంలో చూసుకుని ఆ పిల్ల ఎంత సంబరపడిందో! రెండు నెలల కిందట ఉన్నట్టుండి అందరికీ తిరగబెట్టింది. ఎందుకో సారుకి అంతుపట్టలేదు."

"రక్తం తీసేదెవరు?"

"మామే. పిల్లలుగా ఉన్నప్పటినుంచీ పెంచాడు కదా, అతను ముట్టుకుంటే కదలవు. సోమవారం సోమవారం ఐసు డబ్బాలో పెట్టి తెచ్చిస్తాడు. నేను..." ఆవిడ తల దించుకుంది. "నాకు భయం సార్. మడుగుల గేటు ఒక్కసారి కూడా దాటలేదు."

"మొన్న సోమవారం రక్తం నువ్వే చూశావా?"

"లేదు. 'ఈసారి నేనే చూస్తాను, నువ్వెళ్ళు' అన్నారు సారు."

గది మూలన ఇంక్యుబేటరు, అంటే క్రిముల్ని వెచ్చగా ఉంచే బీరువా. దాని మీద ఎర్ర అక్షరాలతో 'ప్రమాదకర క్రిములు' అని బోర్డు.

"దీన్ని పోలీసులు తెరిచారా?"

చిన్న డాక్టరమ్మ ముఖంలో ఆ పూటకి మొదటిసారి నవ్వులాంటిది వచ్చింది. "మీ ఇన్‌స్పెక్టరుగారు బోర్డు చదివి గుమ్మంలోనే ఆగిపోయారు సార్."

తెరిచారు. లోపల మూత బిగించిన గాజు డబ్బా. దాని మీద అంటించిన కాగితం: సోమవారం, 6-10.

"ఇది సారు రాతే!" ఆవిడ ఆరు అంకె మీద వేలు పెట్టింది. "ఆరుకి తోక ఇలా పైకి లాగుతారు. ఈ క్రిమికి గాలి పడదు సార్. గాలిని తినేసే పొట్లం వేసి మూత బిగిస్తాం. బిగించిన నిమిషమే టైము రాయాలి. ఆయన ఏనాడూ అది మరిచిపోలేదు."

బాబాయి డబ్బాని పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వరండాలోకి నడిచాడు. ఇన్‌స్పెక్టరు ఎదురొచ్చాడు.

"పట్టుకో."

"ఏంటిది?" అని అంటూనే పట్టేసుకున్నాడు.

"క్రిములు. మూత కాస్త వదులు. కదిపితే ముఖమంతా ఇక పుచ్చకాయ మీద చీమలే."

ఇన్‌స్పెక్టరు రాయిలా బిగుసుకుపోయాడు. ఊపిరి కూడా ముక్కుతోనే, అదీ వాయిదాల మీద. "బావా, తీసుకో. బావా!"

"ఆ కాగితం పైకి చదువు ముందు."

"సోమవారం... ఆరూ పది."

"రాత డాక్టరుది. ఆరూ పదికి ఆయన ఈ గదిలో మూత బిగిస్తున్నాడు. మామ బస్సెక్కి అప్పటికి ముప్పై ఐదు నిమిషాలు. తోసేసి ఎక్కాడన్నావు. శవం వచ్చి డబ్బా బిగించిందా?"

"రాత ఎవరైనా దించొచ్చు."

"అయితే రాతలు చూసేవాళ్ళకి పంపించు. ఈలోపు మామని జీపెక్కిస్తే, తెరవని బీరువా ఒకటి ఉండిపోయిందని, ఎందుకు ఉండిపోయిందో కూడా, మీ పై ఆఫీసరుకి నువ్వే చెప్పుకోవాలి."

ఇన్‌స్పెక్టరు పళ్ళు నూరాడు. అదీ మెల్లగానే, డబ్బా కదలకుండా. "సరే. మామ కాదు. మరి ఎవరు? పన్నెండింటికి ఇంకో మనిషిని చూపించు. లేదంటే మామే."

టైము పదకొండూ పది. డబ్బా వెనక్కి తీసుకుంటూ బాబాయి మూతని గట్టిగా తిప్పి చూపించాడు. అది మొదటినుంచీ బిగించే ఉంది. ఇన్‌స్పెక్టరు అన్న మాట అచ్చులో వెయ్యడానికి పనికిరాదు.

గదిలోకి తిరిగొచ్చేసరికి చిన్న డాక్టరమ్మ మైక్రోస్కోపు మీదికి వంగి ఉంది. తల ఎత్తలేదు.

"సార్, సారు చివరగా చూసిన గాజుపలక దీనికే ఉంది. ఏడో నంబరు అని రాసుంది. కానీ ఇది... మీరే చూడండి."

చూశాడు. గుండ్రటి బిళ్ళలు, గుంపులు గుంపులుగా. ఆవిడ పాత పలక ఒకటి మార్చి పెట్టింది. అందులో కోడిగుడ్డు ఆకారపు బిళ్ళలు. ఒక్కో దాని నడుమ నల్లటి చుక్క, పండులో గింజలా.

"గింజ ఉన్నది మొసలి రక్తం. పాములూ తాబేళ్ళూ అన్నిటికీ అంతే. గింజ లేనిది..."

"మనిషిది?"

ఆవిడ తలూపింది. ఫ్రిజ్ తెరిచి సోమవారం నాటి రక్తం గొట్టం తీసింది. దాని మూతని వెలుగులోకి తిప్పి చూసింది.

"ఊదా మూత. ఆసుపత్రుల్లో మనుషుల రక్తానికి వాడేది ఇదే. అందులో ఉండే మందు మా మొసలి రక్తాన్ని పాడుచేస్తుంది. అందుకే మేం ఆకుపచ్చ మూతే వాడతాం. ఈ ఆవరణ మొత్తంలో ఊదా మూత ఒక్కటి కూడా ఉండదు సార్." తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు అంది. "రెండు నెలలుగా తెల్ల కణాల పొర తేడాగానే కనిపించింది. మూత ఆకుపచ్చదే కదా అని, జంతువు నీరసపడిందేమోలే అనుకున్నాను. ఒక్కసారి గేటు దాటి చూసుంటే..."

ఇన్నాళ్ళూ ఆకుపచ్చ మూతలో వచ్చిన దొంగ రక్తం మొన్న ఒక్కసారి ఊదా మూతలో వచ్చింది. ఆకుపచ్చ గొట్టం చేతికి అందలేదో, మరి పగిలిందో. రోజంతా ఊదా మూతలతోనే పనిచేసే చెయ్యి అలవాటుగా జేబులోంచి తీసింది.  ఆ చెయ్యి ఎవరిదో బాబాయికి తెలిసిపోయింది. తెలియకుండా ఉంటే బాగుండుననిపించింది.

"ఈ టేబులు మీది ఫోను డాక్టరు పోయాక ఎవరైనా ముట్టుకున్నారా?"

"లేదు. నిన్న పొద్దుటి నుంచీ గదికి తాళం. ఇవాళే తీశారు."

బాబాయి చివరి నంబరు మళ్ళీ కలిపే మీట నొక్కాడు. రెండుసార్లు మోగి, అవతల ఒక ఆడ గొంతు: "రక్తం తీసే గది. చెప్పండి."

"అమ్మా, సోమవారం సాయంత్రం ఈ నంబరు నుంచి పెద్దాయన ఒకరు ఫోన్ చేశారా?"

"ఆ, ఆరూ పావుకి. మా గదిలో పనిచేసే అమ్మాయిని పిలవమన్నారు. వాళ్ళ నాన్నకి బాగోలేదని ఆ పిల్ల వెంటనే వెళ్ళిపోయింది. మీరెవరు? నాన్నకి ఎలా ఉంది?"

బాబాయి ఫోను పెట్టేశాడు. 

"డాక్టరమ్మా, ఆఖరి మాట. మొసళ్ళకి నంబర్లు ఎలా వేస్తారు?"

"తోక మీది పొలుసులు కత్తిరిస్తాం సార్. ఏడో దానికి ఏడు, ఎనిమిదో దానికి ఎనిమిది..."

బాబాయి అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. మెల్లగా మూసేశాడు.

మేత గదిలో చేపల వాసన. ఖాళీ బకెట్టు బోర్లించి దాని మీద మామ కూర్చున్నాడు. బేడీలు వేసిన చేతులు ఒళ్ళో ఉన్నాయి. గడియారం పదకొండూ ముప్పై ఐదు చూపిస్తోంది.

"మామా, ఏడో మొసలి ఎప్పుడు పోయింది?"

ముసలాయన ఉలిక్కిపడలేదు. చాలారోజులుగా ఈ ప్రశ్న కోసమే కూర్చున్నట్టు, గుండెల్లోంచి ఊపిరి వదిలాడు.

"రెండు నెలలైంది బాబూ. పొద్దున్నే వెళ్తే నీళ్ళలో వెల్లకిలా ఉన్నారు. గుడ్డు పగలగొట్టుకుని వచ్చినప్పుడు నా జానెడు లేరు. ముప్పై ఏళ్ళు నా చేత్తోనే తిన్నారు. ఆవల కంచె దగ్గర నేనే గొయ్యి తీసి పెట్టాను."

"ఎందుకు చెప్పలేదు?"

"మందు పనిచేసేది ఆవిడ రక్తమొక్కటే. ఆవిడ లేరంటే ఈ పని మూతపడుతుంది. మిగిలినవాళ్ళని తోళ్ళ కోసం పట్టుకుపోతారు. పద్దెనిమిది మంది బాబూ. ఎవర్ని పంపమంటారు?"

"మడుగు ఖాళీగా ఉంటే తెలిసిపోతుందని తొమ్మిదో దాన్ని అందులోకి మార్చావు."

"మార్చాను. తొమ్మిదో ఆయన మంచివారు కాదు. ఎవర్నీ దగ్గరికి రానివ్వరు. అందుకని ఎవరూ దిగరు, తోక లెక్కపెట్టరు అనుకున్నాను."

"సోమవారం డాక్టరు దేనికి అరిచాడు?"

"అందరి చెంపలూ ఎందుకు తిరగబెట్టాయని నిలదీశారు. ఆవిడ బాగానే ఉన్నారని ఒట్టేశాను." మామ బేడీల వైపు చూసుకున్నాడు. "ఆయన ముఖం చూసి ఒట్టేశాను."

బాబాయి ముందుకి వంగి, మామ చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచాడు. లోపలివైపు సూది గుచ్చిన మచ్చలు. కొన్ని పాతబడి పచ్చగా మారాయి. ఒకటి ఇంకా నల్లగానే ఉంది.

"ఇంకో మొసలిని గుచ్చడానికి మనసొప్పక నీ రక్తమే ఇచ్చావు. కానీ నీ రక్తం నువ్వే తీసుకోలేవు మామా. ఒంటిచేత్తో ఇంత శుభ్రంగా రాదు."

మామ తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టాడు. ఆపలేదు.

"రాసుకోండి బాబూ. ఐదూ పదికి నేనే తోశాను. మీ బామ్మర్దిగారు చెప్పినట్టే రాసుకోండి."

"ఆరూ పదికి డాక్టరు బతికే ఉన్నాడయ్యా! నిన్ను విడిపించడానికే ఆ గాజు డబ్బాని చంకనేసుకుని తిరిగాను."

"పగలగొట్టేయండి. మీకు దణ్ణం పెడతాను, ఆ డబ్బా పగలగొట్టేయండి."

తలుపు కిర్రుమంది. బల్ల మీద కూర్చోవాల్సిన పిల్ల గుమ్మంలో ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో. మాస్కు తీసేసి చేతిలో పట్టుకుంది. రెండు చెంపలూ ఒకేలా ఎర్రగా వాచి ఉన్నాయి. ఎడమదీ కుడిదీ అని తేడా లేదు. వెనకే చేతి గడియారం చూసుకుంటూ ఇన్‌స్పెక్టరు వచ్చి ఆగిపోయాడు.

"డ్యూటీ ఎనిమిదింటి దాకా కాదు బాబాయ్ గారూ," అంది. గొంతులో ఏడుపు లేదు. "ఆయన ఫోన్ చేశారు. 'ఊదా మూత చూశాను, ఏడో నంబరు చచ్చిపోయిందని నాకు తెలిసిపోయింది, ఇరవై మంది ముఖాలతో ఆడుకున్నారు మీరిద్దరూ, మీ నాన్నని జైలుకి పంపిస్తాను' అన్నారు. ఆసుపత్రి నుంచి పది నిమిషాల నడక. ఆరున్నరకి వచ్చాను. గేటు పుస్తకం దగ్గర ఎవరూ లేరు. కాళ్ళు పట్టుకున్నాను. వినలేదు. ఖాళీ మడుగు నా కళ్ళతో చూసి రిపోర్టు రాస్తానని ఆయనే తాళం తీశారు. కర్ర గోడకి ఆనించి, కమ్మీ పట్టుకున్నారు."

"ఊరుకో తల్లీ," అన్నాడు మామ. "ఇంక ఒక్క మాట కూడా వద్దు."

"నువ్వు తోశావా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"లేదు."

 బయట ఏదో మడుగులో నీళ్ళు చప్పుడయ్యాయి.

"పధ్నాలుగు మెట్లు. ఆయన మోకాళ్ళకి ఒక్కో మెట్టూ ఒక కొండ. మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి తీసుకున్నారు. ఆ పాచినీళ్ళ అడుగున తొమ్మిదో ఆయన ఉన్నారని నాన్న నాకొక్కదానికే చెప్పాడు." ఆమె మాస్కుని మడతపెట్టింది, మళ్ళీ విప్పింది. "చెప్పడానికి పధ్నాలుగు మెట్లంత టైముంది బాబాయ్ గారూ. నేను చెప్పలేదు."

ఎక్కడో పన్నెండు కొట్టింది.

ఇన్‌స్పెక్టరు జేబులోంచి బేడీల తాళంచెవి తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పెళ్ళినాటి నుంచి ఈనాటి దాకా ఒక్కసారి కూడా అడగనిది, బావ ముఖంలోకి చూసి అడిగాడు.

"ఏం చెయ్యను బావా?"

బాబాయి పిడికిలి విప్పాడు.  అరచేతిలో తొమ్మిది చెమటకి చెదిరిపోయింది.

తాళంచెవిని చూసిన మామ, విప్పేస్తారేమోనన్న భయంతో, బేడీల చేతుల్ని కడుపులోకి లాక్కుని ముడుచుకు కూర్చున్నాడు.